జేబు బరువు తగ్గించి, పనికొచ్చేవే మిగిల్చిన పద్ధతి

రోజూ వెంట ఉంచుకునే సామాను తేల్చడానికి నాకు పనిచేసిన పరీక్ష ఒక్కటే: జేబులోవన్నీ బల్ల మీద పోసి, రెండు వారాల్లో ఒక్కసారి కూడా వాడనివి ఇంట్లో పెట్టేయడం. మందులు, గుర్తింపు కార్డు, అవసరానికి దాచిన నోటు మాత్రం ఈ లెక్కలోకి రావు.

ఫోన్ ఉన్న జేబులో ఇంకేమీ వద్దు. తెర మీది గీతలకు తాళంచెవులే కారణం అనుకుంటాం కానీ వాటి ఇత్తడి తెర గాజుకన్నా మెత్తన. అసలు దోషి జేబు అడుగున చేరే ఇసుక రేణువు. ఛార్జింగ్ రంధ్రంలో బట్టల నూగు గట్టిపడితే కేబుల్ వదులుగా ఊగుతుంది. ఫోన్ ఆపేసి, సన్నటి చెక్క పుల్లతో మెల్లగా లాగాలి. సూది పెడితే లోపలి పిన్నులకే మోసం.

టార్చి దానంతటదే వెలిగి బ్యాటరీ అయిపోతుంటే, వెనక మూత పావు చుట్టు వదులు చేయండి. మూత బిగించే మరలకు కరెంటును అడ్డుకునే పూత ఉన్న అల్యూమినియం టార్చిల్లో కరెంటు అక్కడే తెగుతుంది; పూత లేనివాటిలో తెగదు. ఆల్కలైన్ సెల్ నెలల తరబడి లోపలే ఉంటే కారి, స్ప్రింగు పాడవుతుంది.

పవర్ బ్యాంకు మీది 10,000 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత) లోపలి బ్యాటరీ 3.7 వోల్టుల లెక్క. ఫోన్‌కి పంపే 5 వోల్టులకు మారిస్తే 7,400. నష్టాలు పోగా చేతికొచ్చేది సుమారు 6,000 నుంచి 6,500. సాయంత్రం దాకా నెట్టుకురావడానికి 5,000ది చాలు, బరువూ దాదాపు సగమే.

విమానంలో అయితే పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, మడత కత్తి లగేజీలో.