ప్రీ ఆర్డర్ టెంట్ ఇంకా రాలేదా? ట్రెక్‌కు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

అమెరికాలో కాలిఫోర్నియా సియెరా కొండల మీదుగా సాగే జాన్ మ్యూర్ ట్రెయిల్‌కు (జేఎంటీ) పర్మిట్ దొరికిందంటే సగం యుద్ధం గెలిచినట్టే అనుకుంటారు. యోసెమిటీ నేషనల్ పార్కు నుంచి బయల్దేరేవాళ్ళకు లాటరీ దాదాపు 24 వారాల ముందే జరుగుతుంది కాబట్టి, జులైలో నడవాలంటే జనవరి, ఫిబ్రవరిలోనే పేరు ఇవ్వాలి. పేరు తగిలిన ఉత్సాహంలో అదే వారం తేలికైన టెంట్, క్విల్ట్ (స్లీపింగ్ బ్యాగ్ బదులు కప్పుకునే దుప్పటి లాంటిది), కొత్త బ్యాక్‌ప్యాక్ అన్నీ ప్రీ ఆర్డర్ చేసేస్తారు. విట్నీ పర్వతం దాకా 340 కిలోమీటర్ల దారి, వీపు మీద ప్రతి వంద గ్రాములూ లెక్కే. అమ్మేవాళ్ళు "మే నెలాఖరుకు షిప్ చేస్తాం" అంటారు. జూన్ మొదటి వారంలో "చిన్న ఆలస్యం" అని ఒక మెయిల్, మూడో వారంలో ఇంకొకటి. పర్మిట్ మీద తేదీ మాత్రం ఎవరి కోసమూ జరగదు.

టెంట్ అసలు రాకపోవడం అంత ప్రమాదం కాదు. రాకపోతే అద్దెకు తెచ్చుకుంటారు, లేదా పాతది మోస్తారు, వీపు కాస్త నొప్పి పెడుతుంది. ట్రెక్‌కు రెండు రోజుల ముందు రావడమే ప్రమాదం. అన్ని నెలలు ఎదురుచూసిన వస్తువును ఇంట్లో వదిలి వెళ్ళాలని ఎవరికీ అనిపించదు. హాల్లో ఒకసారి పరిచి చూసి, సంచిలో కుక్కేసి బయల్దేరతారు. దాన్ని సరిగ్గా నిలబెట్టడం రాదని తెలిసేది మూడు వేల మీటర్ల ఎత్తులో, మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యాక. జులై, ఆగస్టు నెలల్లో సియెరా కొండల్లో ఆ ఉరుములు మామూలే.

అందుకే మొదటి జాగ్రత్త, ఆర్డర్ చేసిన రోజే ఒక ఆఖరి తేదీ పెట్టుకోవడం. ట్రెక్ మొదలుకు మూడు వారాల ముందు తేదీ సరిపోతుంది. ఆలోపు వస్తువు చేతికి రాకపోతే ఈసారికి దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఆ తర్వాత వచ్చినా ఈ ట్రెక్‌కు తీసుకెళ్ళకూడదు. మూడు వారాలు ఎందుకంటే, ఒక వారం ఇంటి దగ్గర విప్పి చూడటానికి, ఒక వీకెండ్ దగ్గర్లోని క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రి పడుకుని చూడటానికి, మిగిలింది ఏదైనా లోపం ఉంటే మార్చుకోవడానికో వేరేది చూసుకోవడానికో. ఆ తేదీని క్యాలెండర్లో రాసి, కలిసి నడిచేవాళ్ళకూ చెప్పండి. చెప్పకపోతే "ఇంకో వారంలో పంపిస్తున్నాం" అనే మెయిల్ రాగానే మనసు మెత్తబడుతుంది.

ఎందుకు ఆలస్యం అవుతుంది

తేలికైన సామాన్లు చేసేవాళ్ళలో చాలామందివి చిన్న కంపెనీలు. కొన్ని అమెరికాలోనే కొద్దిమంది కుట్టుపనివాళ్ళతో నడుస్తాయి. క్విల్టులు ఆర్డర్ వచ్చాకే, మీరు చెప్పిన పొడవు, వెడల్పు, రంగు ప్రకారం కుట్టేవాళ్ళు ఉన్నారు. వసంతంలో అందరూ ఒకేసారి ఆర్డర్లు పెట్టడంతో వరస పెరిగిపోతుంది. ఇంకొన్ని కంపెనీలు డిజైన్ తాము చేసి, కుట్టించడం చైనా, వియత్నాం ఫ్యాక్టరీల్లో చేయిస్తాయి. అక్కడ ఒక బ్యాచ్ మొత్తం కలిసి బయటికి వస్తుంది కాబట్టి, ఒక గుడ్డ చుట్ట నాణ్యత పరీక్షలో పోతే అందరి టెంట్లూ ఆగుతాయి.

జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే చైనా కొత్త సంవత్సరానికి అక్కడి ఫ్యాక్టరీలు మూతపడతాయి, ఊళ్ళకు వెళ్ళిన పనివాళ్ళందరూ వెంటనే తిరిగి రారు. 2021 వేసవిలో కోవిడ్ వల్ల దక్షిణ వియత్నాంలో ఫ్యాక్టరీలు ఆగిపోయినప్పుడు బట్టలు, బూట్లు, ట్రెకింగ్ సామాన్లు అన్నీ వెనకబడ్డాయి. తేలిక టెంట్లలో వాడే డైనీమా కాంపోజిట్ ఫ్యాబ్రిక్ కథ వేరు. మొదట దీన్ని పందెపు పడవల తెరచాపల కోసం తయారుచేశారు, అప్పట్లో పేరు క్యూబెన్ ఫైబర్. మామూలు నైలాన్ లాగా వందమంది తయారుచేసే గుడ్డ కాదిది. అది అందకపోతే వెంటనే ఇంకొకరి దగ్గర కొనే వీలు టెంట్ కంపెనీకి ఉండదు.

విదేశీ కంపెనీ నుంచి అమెరికాకు నేరుగా తెప్పించుకుంటున్నారా? 800 డాలర్ల లోపు పార్సిళ్ళకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఎత్తేశారు. ఆ రోజుల్లో చాలా దేశాల పోస్టల్ శాఖలు అమెరికాకు పార్సిళ్ళు తీసుకోవడమే ఆపేశాయి. ధరలో సుంకం కలిసి ఉందా, ఇంటి గుమ్మం దగ్గర కట్టాలా అన్నది డబ్బు కట్టకముందే అడగండి.

ఈ కారణాలు తెలిస్తే కొన్ని ఎంపికలు తేలికవుతాయి. ప్రత్యేకమైన రంగు అడక్కండి, సిద్ధంగా ఉన్న రంగు ముందు వస్తుంది. స్టాకులో ఉన్న వస్తువును, ప్రీ ఆర్డర్ వస్తువును ఒకే ఆర్డర్లో కలపకండి. చాలాచోట్ల అన్నీ సిద్ధమయ్యాకే ఒకే డబ్బాలో పంపుతారు, టెంట్ కోసం మేకులు కూడా నెలలు ఆగుతాయి. షిప్పింగ్ ఖర్చు రెండుసార్లు పడినా విడివిడిగా పెట్టడమే నయం. ఇంకోటి, "ఎస్టిమేటెడ్ షిప్" అంటే అక్కడి నుంచి బయల్దేరే తేదీ, మన ఇంటికి చేరే తేదీ కాదు.

డబ్బు విషయం

మంచి డైనీమా టెంట్ 600 డాలర్లు దాటుతుంది. అంత డబ్బు ముందే కడుతున్నప్పుడు క్రెడిట్ కార్డుతోనే కట్టండి. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే జెల్‌లోనో, పేపాల్‌లో స్నేహితులకు పంపే పద్ధతిలోనో అడిగితే వద్దనండి.

అమెరికాలో ఆన్‌లైన్, మెయిల్ ఆర్డర్లకు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో తెచ్చిన నిబంధన ఒకటుంది. చెప్పిన తేదీలోపు, తేదీ ఏదీ చెప్పకపోతే 30 రోజుల్లోపు, వస్తువు పంపాలి. పంపలేకపోతే ఆ సంగతి మీకు తెలియజేసి, ఆగుతారా, డబ్బు వెనక్కి తీసుకుంటారా అని అడగాలి. మొదటి ఆలస్యం 30 రోజుల లోపుదైతే మీరు జవాబివ్వకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క. అంతకు మించినా, రెండోసారి వాయిదా వేసినా మీరు సరేనని స్పష్టంగా చెప్పాలి, లేకపోతే డబ్బు తిరిగివ్వాలి. కాబట్టి ఆలస్యం మెయిల్‌ను పక్కన పడేయకుండా తేదీలు చదవండి. సరే అని నొక్కే ముందు మీ ఆఖరి తేదీతో పోల్చి చూడండి.

కార్డు డిస్ప్యూట్ (ఆ ఖర్చు చెల్లదని బ్యాంకుకు ఫిర్యాదు) వేయడానికి చట్టం ఇచ్చే గడువు, ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజులు. ఫిబ్రవరిలో కట్టి మే నెలలో వస్తువు రావాల్సి ఉంటే, ఆలస్యం మొదలయ్యేసరికే ఆ గడువు అయిపోతుంది. అయినా వదిలేయకండి. చెప్పిన డెలివరీ తేదీ నుంచి లెక్కేసి తీసుకునే బ్యాంకులూ ఉన్నాయి, ఫోన్ చేసి అడగడంలో పోయేదేం లేదు. అప్పుడు పనికొచ్చేది ఆర్డర్ పెట్టిన రోజు తీసుకున్న స్క్రీన్‌షాట్. తర్వాత వెబ్‌సైట్‌లో తేదీ మారిపోతుంది, మీకు మొదట ఏం చెప్పారో చూపించడానికి ఇంకేమీ మిగలదు. కొత్త వస్తువుల తయారీకి జనం దగ్గర డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ లాంటివి దుకాణాలు కావు. అక్కడ మీరు ఇచ్చేది ఒక ప్రయత్నానికి మద్దతు. దాన్ని నమ్ముకుని ట్రెక్ తేదీ పెట్టుకోకూడదు.

అలాగని చిన్న కంపెనీని రోజూ మెయిళ్ళతో వేధించడమూ సరికాదు. చాలాసార్లు జవాబు రాసేదీ, టెంట్ సరిచూసేదీ ఒకే మనిషి. ఆర్డర్ నంబర్ ఇచ్చి, నాది ఏ బ్యాచ్, కుట్టడం అయిందా, ఫలానా తేదీలోపు చేరకపోతే రద్దు చేయొచ్చా అని ఒక్క మెయిల్లో అడగండి. సూటిగా అడిగినదానికే సూటైన జవాబు వస్తుంది.

పాతవి అమ్మకండి

కొత్తది ఆర్డర్ చేయగానే పాత టెంట్‌ను అమ్మకానికి పెట్టడం మనవాళ్ళలో ఎక్కువ. ఆ డబ్బు కొత్తదానికి కలిసొస్తుందని. కొత్త టెంట్ బరువు ఎక్సెల్ షీట్‌లో వేసి, తిండి, నీళ్ళు కాక సంచి బరువు మొత్తం నాలుగున్నర కిలోలకు దిగిందని స్నేహితులకు పంపేవాళ్ళూ ఉన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. కొత్తది వచ్చి, ఒక వాన చూసి, బాగుందనిపించేదాకా పాతది గదిలోనే ఉండాలి.

పాతది లేనివాళ్ళు ముందే అద్దె మాట్లాడుకోండి. అమెరికాలో ట్రెకింగ్ సామాన్లు అమ్మే ఆర్‌ఈఐ దుకాణాల్లో కొన్నిటిలో టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకిస్తారు, కానీ జులై వారాంతాలకు ముందుగా బుక్ చేసుకోవాలి. రద్దు చేసుకునే గడువు ఎప్పుడో కనుక్కుని, ఆ తేదీని మీ ఆఖరి తేదీ పక్కనే రాసుకోండి.

ఒక వస్తువు ఆగితే ఇంకేవి ఆగుతాయో కూడా చూడాలి. ట్రెకింగ్ పోల్స్ (నడక కర్రలు) మీద నిలబడే టెంట్‌కు పోల్స్ కావాలి. క్విల్ట్‌కు అడుగుభాగం ఉండదు కాబట్టి వెచ్చదనం సగం కింద వేసే ప్యాడ్ మీద ఆధారపడుతుంది. పాత ప్యాడ్ ఆర్ వాల్యూ (నేల చలిని ఆపే శక్తి) తక్కువదైతే ఎంత మంచి క్విల్ట్ అయినా వణుకు తప్పదు.

బ్యాక్‌ప్యాక్ విషయంలో నా అభిప్రాయం కాస్త కఠినం. ఫ్రేము లేని తేలిక సంచిని మొదటి జేఎంటీకి ప్రీ ఆర్డర్ చేయకపోవడమే మంచిది. దారి మధ్యలోని మ్యూర్ ట్రెయిల్ రాంచ్‌లో తిండి నింపుకున్నాక, విట్నీ దిగి చేరే విట్నీ పోర్టల్ దాకా వారం, పది రోజుల నడక ఉంటుంది. రోజుకు 700 గ్రాముల లెక్కన చూసినా తిండే ఐదు నుంచి ఏడు కిలోలు. దానికితోడు ఎలుగుబంట్ల వల్ల తప్పనిసరిగా మోయాల్సిన క్యానిస్టర్, అంటే తిండి దాచే గట్టి డబ్బా. బేర్‌వాల్ట్ కంపెనీ పెద్ద డబ్బా ఒక్కటే కిలో పైన. ఇక నీళ్ళు. తొమ్మిది, పది కిలోలు దాటితే ఫ్రేము లేని సంచి బరువంతా భుజాల మీదే వేస్తుంది. పైగా కొన్ని సన్న సంచుల్లో క్యానిస్టర్ అడ్డంగా పట్టనే పట్టదు. ఇవన్నీ సంచి చేతికి వచ్చి నింపి చూస్తేగానీ తెలియవు.

సమయానికి వస్తే

డబ్బా రాగానే చేయాల్సింది ఫోటో తీయడం కాదు, కుట్లు వెలుతురులో పట్టి చూడటం. జిప్పులు చివరిదాకా నాలుగుసార్లు లాగండి. కొన్ని సిల్నైలాన్ (సిలికాన్ పూసిన నైలాన్) టెంట్లకు కుట్ల మీద సిలికాన్ పూసే పని కొన్నవాళ్ళకే వదిలేస్తారు. అది ఆరడానికి ఒక రాత్రి పడుతుంది, దుర్వాసన పోవడానికి ఇంకాస్త. సిల్నైలాన్ తడిస్తే సాగుతుంది, రాత్రి లేచి తాళ్ళు మళ్ళీ బిగించాలి. డైనీమా సాగదు, అందుకే మొదట్లోనే సరిగ్గా కట్టకపోతే ముడతలు అలాగే ఉంటాయి.

పెరట్లో మెత్తటి నేలలో మేకులు దిగుతాయి, సియెరా గ్రానైట్‌లో దిగవు. తాడును రాయికి చుట్టి, దాని మీద ఇంకో పెద్ద రాయి పెట్టి కట్టడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. స్నేహితుణ్ణి తోట పైపుతో పదిహేను నిమిషాలు నీళ్ళు కొట్టమనండి, మీరు లోపల కూర్చోండి. క్విల్ట్‌కు తలకప్పు కూడా ఉండదు, వెచ్చటి టోపీ వేరే కావాలి. ఎత్తైన చోట వేసవి రాత్రులు కూడా గడ్డకట్టే చలి దాకా వెళ్తాయి. 4,000 మీటర్ల ఫారెస్టర్ పాస్ కింద పడుకునే రాత్రి క్విల్ట్ పట్టీలు ఎలా పెట్టాలో వెతుక్కోకూడదు.

చిరునామా సంగతి చిన్నదే కానీ చాలామందిని దెబ్బ కొడుతుంది. అమెరికాలో మన విద్యార్థుల లీజులు ఎక్కువగా వేసవిలోనే ముగుస్తాయి, ఉద్యోగం మారి ఊరు మారేవాళ్ళూ అప్పుడే. ఫిబ్రవరిలో ఇచ్చిన చిరునామాకు జులైలో పార్సిల్ వస్తుంది. పోస్టాఫీసులో ఫార్వర్డింగ్ పెట్టినా అది యూపీఎస్, ఫెడెక్స్ పార్సిళ్ళకు వర్తించదు, కంపెనీకే చెప్పి మార్పించాలి. ఆలస్యమైన టెంట్‌ను దారి మధ్యలో రీసప్లై చోటుకు (తిండి నింపుకునే చోటుకు) పంపించమనే ఆలోచన మానుకోండి. అక్కడికి తిండి డబ్బాలే చాలా ముందుగా పంపాలి. పైగా మొదటి వారం ఎక్కడ పడుకుంటారు?

హైదరాబాద్, వైజాగ్‌ల నుంచి హిమాలయాలకు వెళ్ళేవాళ్ళకు ఇంకో తేదీ కూడా కలుస్తుంది. "బావ ఆగస్టులో వస్తున్నాడు, పట్టుకొస్తాడు" అని అతని అమెరికా చిరునామాకు ఆర్డర్ పెడతారు. టెంట్ ఆలస్యమైతే అతని విమానం వెళ్ళిపోతుంది, డబ్బా అతని అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు పడి ఉంటుంది. బావ ప్రయాణానికి కనీసం నెల ముందు చేరేలా ఆర్డర్ ఉండాలి, వచ్చాక అతనే విప్పి కుట్లు, జిప్పులు చూడాలి. ఒకసారి ఇండియా వచ్చేశాక వెనక్కి పంపడం ఖర్చుతో కూడిన పని. గ్యాస్ సిలిండర్ మాత్రం ఎవరినీ తెమ్మని అడక్కండి, విమానంలో ఏ సంచిలోనూ పెట్టనివ్వరు. కాశ్మీర్ గ్రేట్ లేక్స్ లాంటి ట్రెక్‌కు కంపెనీతో వెళ్తున్నట్టయితే టెంట్, స్లీపింగ్ బ్యాగ్ వాళ్ళే ఇస్తారో లేదో ముందు కనుక్కోండి. ఇస్తే ఈ టెన్షన్ మొత్తం అనవసరం. ఇండియాలోనే ప్రీ ఆర్డర్ చేసి ఇబ్బంది పడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

ట్రెక్ అయిపోయి ఇంటికి వచ్చాక డబ్బా గుమ్మం దగ్గర కనిపించిందనుకోండి, వచ్చే ఏడాదికి కదా అని అలాగే అటక మీద పెట్టకండి. వాపసు గడువు చాలాచోట్ల డెలివరీ రోజు నుంచే నడుస్తుంది. ఆ వారంలోనే విప్పి, నిలబెట్టి, తూకం వేసి చూడండి. నచ్చకపోతే గడువు మిగిలి ఉండగానే వెనక్కి పంపేయండి.