ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్: కౌంట్ టేబుల్ తేడాగా వస్తే

సీక్వెన్సింగ్ డేటా హార్డ్ డిస్క్‌లో చేతికొచ్చాక ల్యాబ్‌లో చాలామందికి అసలు తలనొప్పి మొదలవుతుంది. రోజంతా పైపెట్ పట్టిన చేతికి లైనక్స్ నల్ల తెర కొత్త. ఏ జీన్‌కి ఎన్ని రీడ్స్ (సీక్వెన్సర్ చదివిన చిన్న ముక్కలు) వచ్చాయో చెప్పేదే కౌంట్ టేబుల్. అది తేడాగా వచ్చి, పక్కన అడగడానికి బయోఇన్ఫర్మేటిక్స్ తెలిసినవాళ్లు లేకపోతే ముందు ఇవి చూసుకోండి.

సమస్య: అలైన్‌మెంట్ మధ్యలో "కిల్డ్" అని ఆగిపోతోంది

అలైన్‌మెంట్ అంటే ఒక్కో రీడ్ జీనోమ్‌లో ఎక్కడిదో వెతకడం. అది ఆగిపోతే చాలాసార్లు కారణం ర్యామ్ చాలకపోవడమే. మనిషి జీనోమ్‌కి స్టార్ అనే అలైన్‌మెంట్ ప్రోగ్రామ్ దాదాపు 30 జీబీ తింటుంది. 16 జీబీ ల్యాప్‌టాప్ అయితే తక్కువ ర్యామ్‌తో అదే పని చేసే హైశాట్2 వాడండి, లేదా ఉచితంగా దొరికే గెలాక్సీ అనే వెబ్ సర్వర్‌కి డేటా ఎక్కించండి.

సమస్య: అలైన్‌మెంట్ 90 శాతం, కౌంట్లు మాత్రం అన్నీ సున్నాలు

టెన్షన్ పడి మళ్లీ ఆర్‌ఎన్‌ఏ తీయడానికి దిగకండి. ఆర్‌ఎన్‌ఏ ఎంత పాడైనా అన్ని జీన్లకీ సున్నాయే రావడం జరగదు. రీడ్స్‌ని జీన్ల వారీగా లెక్కపెట్టే హెచ్‌టీసెక్-కౌంట్ ప్రోగ్రామ్ ఇచ్చిన ఫైల్ చివరి వరసలు చూడండి. రీడ్స్ అన్నీ "నో ఫీచర్" (ఏ జీన్ మీదా పడనివి) దగ్గరే పోగుపడితే క్రోమోజోమ్ పేర్లు కలవలేదేమో చూడాలి. జీనోమ్ యూసీఎస్‌సీ వెబ్‌సైట్ నుంచి, జీటీఎఫ్ (ఏ జీన్ ఎక్కడుందో చెప్పే ఫైల్) ఎన్‌సెంబుల్ వెబ్‌సైట్ నుంచి దించుకుని ఉంటారు. ఒకటో క్రోమోజోమ్ యూసీఎస్‌సీలో "సీహెచ్‌ఆర్1", ఎన్‌సెంబుల్‌లో ఉత్త "1". మనకి రెండూ ఒకటే, ప్రోగ్రామ్‌కి కాదు.

రెండు ఫైళ్లూ ఒకే చోటి నుంచి, ఒకే వెర్షన్‌వి దించుకుని మళ్లీ అలైన్ చేయండి. ముందున్న మూడక్షరాలు కొట్టేస్తే చాలదా అంటే, చాలదు: మైటోకాండ్రియా అప్పుడు యూసీఎస్‌సీ ఫైల్లో "ఎం", ఎన్‌సెంబుల్‌లో "ఎంటీ". ఆ జీన్లు చప్పుడు చేయకుండా సున్నాగానే మిగిలిపోతాయి.

సున్నా కాదుగానీ మరీ తక్కువ వస్తున్నాయా? చాలాసార్లు అది స్ట్రాండ్ సెట్టింగ్ (రీడ్ డీఎన్‌ఏ రెండు పోగుల్లో దేనివైపుదో చెప్పేది). హెచ్‌టీసెక్ తనంతట తాను "యెస్" అనుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏని సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసిన కిట్ డీయూటీపీ పద్ధతిదైతే "రివర్స్" పెట్టాలి. కిట్ ఏదో గుర్తులేకపోతే ఒక్క శాంపిల్‌ని మూడు రకాలుగానూ ("యెస్", "నో", "రివర్స్") నడిపి చూడండి, పది నిమిషాల్లో తేలకపోయినా ఆ పూటకి తేలిపోతుంది.

సమస్య: జీన్ల జాబితాలో తేదీలు

ఇది ఎక్సెల్ చలవ. సెప్ట్2 అనే జీన్‌ని సెప్టెంబర్ 2 చేసేస్తుంది. ఈ గోల భరించలేక 2020లో జీన్ పేర్ల కమిటీ పేర్లే మార్చి సెప్టిన్2 అని పెట్టింది. పాత జాబితాల్లో మాత్రం పాత పేర్లే ఉన్నాయి. ఫైల్‌ని డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూ నుంచి ఇంపోర్ట్ చేసి, జీన్ల కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టండి. ఇప్పటికే సేవ్ చేసేశారా? దాన్ని చేత్తో దిద్దకండి, అసలు ఫైల్‌కి వెళ్లండి. మార్చ్1, మార్క్1 రెండు వేరే జీన్లు, ఎక్సెల్‌లో రెండూ మార్చి 1వ తేదీయే.