ఆటోమేటిక్ కారు వణుకుతోందా? గేర్‌బాక్స్ విప్పే ముందు ఆయిల్ సంగతి చూడండి

ముందుగా మీ బండిలో ఉన్నది ఏ గేర్‌బాక్సో తేల్చుకోండి. ఆటోమేటిక్ అని అమ్ముడవుతున్న చిన్న కార్లలో చాలావాటికి ఉన్నది ఏఎంటీ. అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు యంత్రం చేస్తుంది, అంతే. దాని క్లచ్ పొడిగా తిరుగుతుంది కాబట్టి అది జారితే ప్లేటు మార్చాల్సిందే, ఏ ఆయిలూ ఆదుకోదు. బెల్టుతో నడిచే సీవీటీ, రెండు క్లచ్‌లుండే డీసీటీలకు వాటి ఆయిళ్లు వాటికున్నాయి. ఇక్కడ చెప్పేది టార్క్ కన్వర్టర్, అంటే ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం ఉన్న కార్ల గురించి.

సమస్య: 50, 80 కిలోమీటర్ల వేగం మధ్య వణుకు

నార్కట్‌పల్లి దాటాక విజయవాడ రోడ్డు మీద యాక్సిలరేటర్‌పై కాలు తేలిగ్గా ఆనించి వెళ్తుంటారు. రోడ్డు నున్నగానే ఉంటుంది. అయినా టోల్‌గేటు ముందు వేసే అడ్డగీతల మీద పోతున్నట్టు బండి ఒకటి రెండు సెకన్లు గడగడలాడి ఆగుతుంది. చాలామంది దీన్ని టైర్ల ఖాతాలో వేసి అలైన్‌మెంట్ చేయిస్తారు, తర్వాత ఇంజిన్ మౌంటింగులు మారుస్తారు. డబ్బు పోతుంది, వణుకు పోదు.

వెనక బండ్లు లేనప్పుడు, వణుకు మొదలైన క్షణంలో యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను తాకి చూడండి. బ్రేకు పడకూడదు, వెనక దీపం మాత్రం వెలగాలి. చాలా కార్లలో ఆ సంకేతం అందగానే కంప్యూటర్ టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్‌ను (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌కు నేరుగా కలిపే క్లచ్) వదిలేస్తుంది. వణుకు వెంటనే ఆగితే దోషం ఆ క్లచ్‌దే. ఆగకపోతే ఇంజిన్ మిస్ కొడుతోందేమో, ప్లగ్గులు, కాయిళ్లు చూడాలి.

కారణం ఆయిల్‌లో ఉంటుంది. ఈ క్లచ్ ముఖం కాగితం లాంటి నారతో చేసినది. ఆయిల్‌లో మునిగి, ఉక్కు పలకకు ఆనుకుని పని చేస్తుంది. ఇప్పటి బండ్లలో దాన్ని కావాలనే కొద్దిగా జారనిస్తారు. జారే వేగం తగ్గేకొద్దీ ఘర్షణ కూడా తగ్గాలి. అలా కాక పెరిగితే క్లచ్ పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. తుప్పు పట్టిన తలుపు బందు కిర్రుకిర్రుమంటూ ఆగి ఆగి తిరిగినట్టు. దీన్ని ఆపడానికే ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్లు కలుపుతారు. వీటి అణువుకు ఒక కొస ఉక్కును అంటిపెట్టుకుంటుంది, పొడవాటి తోక ఆయిల్‌లోకి నిలబడి మెత్తని పొరగా పని చేస్తుంది. ఒకప్పుడు ఈ పనికి తిమింగలం నూనె వాడేవారు. 1970ల తొలినాళ్లలో అమెరికా దాన్ని నిషేధించాక కంపెనీలు వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది.

పొర మరీ మెత్తనైతే క్లచ్‌కు పట్టు చాలదు. అందుకే పట్టు పెంచే కాల్షియం డిటర్జెంట్లు, మసిని పేరుకోనివ్వని డిస్పర్సెంట్లు, అరుగుదల ఆపే ఫాస్ఫరస్ పదార్థాలు, ఆక్సీకరణను అడ్డుకునేవి కొలత ప్రకారం కలుపుతారు. వేడి ఈ లెక్కనంతా చెడగొడుతుంది. ప్రతి 10 డిగ్రీలకు ఆయిల్ చెడే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్ దగ్గర కదిలీ కదలని బారులు, నిండు బండితో మన్ననూరు దాటాక శ్రీశైలం ఘాట్ ఎక్కడం, మే నెల నల్లగొండ ఎండ, అన్నీ ఆ ఖాతాలోకే వస్తాయి. ఈ ఆయిల్‌ను ‘జీవితకాలం మార్చనక్కర్లేదు’ అని కొన్ని కంపెనీలు చెప్పే మాట ఇలాంటి వాడకానికి వర్తిస్తుందని నేను నమ్మను. బండితో వచ్చిన పుస్తకంలో కఠిన వాడకం కింద ఇచ్చిన గడువునే పాటించండి.

పరిష్కారం: కంపెనీ చెప్పిన ప్రమాణం ఉన్న ఆయిలే పోయించండి. డ్రెయిన్ బోల్ట్ విప్పితే సాధారణంగా సగం కూడా దిగదు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకే మధ్యలో కొంత నడిపి రెండు మూడు సార్లు మార్చాలి. డిప్‌స్టిక్ లేని బండ్లలో మట్టం చూడటానికి పద్ధతి ఉంది: ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకు చేరాక చూడాలి. కారు కంప్యూటర్‌ను చదివే స్కానర్ లేకుండా అందాజాగా పోసే చోట ఈ పని చేయించకండి. క్లచ్ ముఖం అప్పటికే అద్దంలా నునుపు తేలి ఉంటే కొత్త ఆయిల్ కూడా ఏమీ చేయలేదు, కన్వర్టర్ మార్చాలి.

‘ఎర్ర ఆయిలే కదన్నా, ఏదైతే ఏమిటి?’ అని అడిగేవారు ఉంటారు. ఎరుపు అనేది వట్టి రంగే. ఫోర్డ్ పాత టైప్ ఎఫ్ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్లు లేవు, జనరల్ మోటార్స్ డెక్స్‌రాన్‌లో ఉన్నాయి, రెండూ ఎర్రనివే. వణుకు తగ్గించే చిన్న సీసాలలో ఉండేది ఎక్కువగా ఫ్రిక్షన్ మాడిఫయరే. పోస్తే వణుకు తగ్గవచ్చు. కానీ గేర్లు పట్టే మిగతా క్లచ్‌లూ అదే ఆయిల్‌లో ఉంటాయి, వాటి పట్టు కూడా తగ్గుతుంది.

సమస్య: ఆయిల్ మార్చాక గేరు పడేటప్పుడు కుదుపు

వేరే రకం ఆయిల్ పోశారేమో డబ్బా చూపించమని అడగండి. సరైనదే అయితే గేర్‌బాక్స్ కంప్యూటర్ పాత ఆయిల్‌కు అలవాటు పడిన లెక్కను స్కానర్‌తో చెరిపించండి.

సమస్య: ఇంజిన్ రేస్ అవుతుంది, బండి కదలదు

మొదట ఆయిల్ మట్టం, ఎక్కడైనా ఆయిల్ కారుతోందా చూడండి. తర్వాత తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. మంచి ఆయిల్ చుక్క ఎర్రగా సమంగా పరుచుకుంటుంది. మధ్యలో నల్లటి ముద్ద నిలిచి, చుట్టూ గోధుమ వలయం పాకి, వేలితో రాస్తే నలుసులు తగిలి, మాడు వాసన కొడితే ప్లేట్లు కాలాయి. అది విప్పి బాగుచేసే పనే. ఇలాంటి బండిలో ఆయిల్ మార్చాక కదలడమే మానేసిందని కొత్త ఆయిల్‌ను తిడతారు. ప్లేట్లు అంతకు ముందే పోయాయి.

సమస్య: ఆయిల్ గులాబీ రంగు పాలలా మారింది

చాలా కార్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడే గొట్టం రేడియేటర్ లోపలే ఉంటుంది. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఉప్పదనం ఉన్న బోరు నీళ్లు పోస్తే లోపల గార కట్టి, లోహం తినేసి, ఆయిల్, కూలెంట్ రెండూ కలిసిపోతాయి. నీరు, కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ తగిలితే క్లచ్ ముఖం ఊడివస్తుంది. రేడియేటర్ మార్చి, ఆయిల్ పూర్తిగా కడిగించి, ప్లేట్లు విప్పి చూడాలి. బండిని గ్యారేజీ దాకా నడపకండి. తాడు కట్టి లాగించవద్దు కూడా: ఇంజిన్ ఆగి ఉంటే ఆయిల్ పంపు తిరగదు. లారీ మీదకెక్కించి పంపండి.