ఎంజీబీ ఇచ్చేసి ఎంఎక్స్‌-5 తెచ్చుకోవాలంటే: బానెట్ కన్నా ముందు సిల్స్ చూడండి

ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు నడపడం హాయి. దాన్ని నమ్ముకుని రోజూ ఆఫీసుకు వెళ్లడం మాత్రం గుండె దిటవున్నవాళ్ల పని. బ్రిటన్‌లో ఉంటూ ఇక చాలనుకున్నవాళ్లలో చాలామంది చూపు మాజ్డా ఎంఎక్స్‌-5 మీద పడుతుంది. అవే రెండు సీట్లు, ముందు ఇంజను, వెనక చక్రాలకు డ్రైవ్, మడిచే గుడ్డ టాపు. 1989లో చికాగో ఆటో షోలో కనిపించిన మొదటి తరం నుంచీ దాని ఇంజనుకు, గేరుబాక్సుకు మంచి పేరే. రేకు సంగతి వేరు. ఎంజీబీని తినేసే తుప్పు దాదాపు అదే చోట, తలుపుల కింద పొడుగునా ఉండే రేకు పెట్టెల్లో, అంటే సిల్స్‌లో, ఎంఎక్స్‌-5ని కూడా తింటుంది. ఇది మరిచిపోతే ఒక తుప్పు ఇచ్చి ఇంకో తుప్పు కొన్నట్టే.

అసలు మార్చాలా?

దారిలో ఆగిపోవడం ఒక్కటే మీ బాధైతే ముందు మూడు పనులు చేసి చూడండి. స్పార్కును సిలిండర్లకు పంచే డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు (కరెంటును తెంచి కలిపే కొనలు) తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టండి. 1967 దాకా వచ్చిన కార్లు పాజిటివ్ ఎర్త్‌వి (బ్యాటరీ ప్లస్ కొన బాడీకి కలిపి ఉంటుంది), కిట్ కొనేముందు అది చూసుకోండి. పాయింట్లే ఉంచుకుంటామంటే గ్యాపు 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మి.మీ. ఉండాలి. రెండోది, బ్యాటరీ నుంచి, ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైర్లు విప్పి, రేకు మెరిసేదాకా గీకి బిగించాలి. మూడోది ఎస్‌యూ కంపెనీ పెట్రోలు పంపు. లోపలి పాయింట్లు కాలిపోతే కారు చెప్పాపెట్టకుండా ఆగుతుంది. పంపు మీద మెల్లగా తట్టగానే టిక్‌టిక్‌మని మళ్లీ కొట్టుకుంటే రోగం అదే. వీటితో కుదురుకుంటే కారు అమ్మే పని లేదు. 2021 నుంచి మామూలు పెట్రోలు ఈ10 (పది శాతం దాకా ఇథనాల్ కలిసినది) అయింది, అది పాత రబ్బరు పైపులకు పడదు. ఇథనాల్ తక్కువున్న ఈ5 సూపర్ పోయించండి.

సిల్స్ పోతే ఆ లెక్క వేరు. బయటి సిల్, దాని వెనక మెంబ్రేన్ అనే లోపలి రేకు, కింద క్యాజిల్ రైల్ అనే పట్టీ, ఈ మూడూ కలిసి టాపు లేని కారుకు వెన్నెముక. పాత తుప్పు మీదే కొత్త సిల్ అతికించి రంగేసిన కార్లు కొల్లలు, పైన పటారం లోన లొటారం. పరీక్ష సులువు. జాకీ పాయింటు దగ్గర మెల్లగా ఎత్తుతూ తలుపు వెనక అంచు సందు చూడండి. సందు మూసుకుపోతున్నా, తలుపు బిగుసుకున్నా బాడీ వంగుతోందన్నమాట. రెండు పక్కలా కోసి వెల్డింగ్ చేయించే ఖర్చు కారు ధరతో పోటీ పడుతుంది. మార్పిడికి అదే సరైన కారణం.

అమ్మేటప్పుడు

దాచకండి. అడుగున నల్ల అండర్‌సీల్ దట్టంగా పూసి మసిపూసి మారేడుకాయ చేస్తే, తెలిసిన కొనుగోలుదారు ఆ పూతను చూసే వెనక్కి వెళ్తాడు. ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి పెట్టండి. నడుస్తున్న కారుకే ధర. బాగా వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఐడిల్‌లో 15, రోడ్డు మీద 50 పీఎస్ఐకి తగ్గకుండా ఉంటే ఆ మాట ప్రకటనలోనే రాయండి. ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజను తిరుగుళ్లు తగ్గించే అదనపు గేరు) ఉంటే పనిచేస్తుందని నడిపి చూపించండి. 1977కు ముందువాటిలో అది మూడు, నాలుగు గేర్లలో పడుతుంది, తర్వాతివాటిలో నాలుగులోనే.

40 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు జరగని కారుకు ఎంఓటీ (ఏటా చేయించే రోడ్డు యోగ్యత పరీక్ష) తప్పనిసరి కాదు. అయినా ఒకటి చేయించి కాగితం చేతిలో పెట్టుకుంటే బేరం తేలిక. అమ్మిన రోజే రిజిస్ట్రేషన్ కాగితం లాగ్‌బుక్‌లోని 11 అంకెల నంబరుతో, వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకు ఆన్‌లైన్‌లో చెప్పి, కొత్త యజమాని స్లిప్పు చింపి ఇవ్వండి. రోడ్డు టాక్సు సున్నా అయినా కారుతోపాటు బదిలీ కాదు, కొన్నవాళ్లు మళ్లీ వేయించుకోవాల్సిందే.

లండన్‌వాళ్లకు ఒక మెలిక

హౌన్‌స్లో, హారో, ఈస్ట్‌హామ్ వైపు ఉండేవాళ్లు ఇక్కడ ఆగి చదవాలి. 2023 ఆగస్టు 29 నుంచి యూలెజ్ (పొగ ఎక్కువ వదిలే బళ్లకు రుసుము వేసే ప్రాంతం) లండన్ బరోలన్నిటికీ పాకింది. హిస్టారిక్ టాక్సు (40 ఏళ్లు దాటిన కార్లకిచ్చే సున్నా టాక్సు) ఉన్న ఎంజీబీకి అందులో మినహాయింపు ఉంది. ఎంఎక్స్‌-5కు ఆ మినహాయింపు లేదు. పెట్రోలు కారైతే యూరో 4 పొగ ప్రమాణం ఉండాలి, లేకపోతే నడిపిన ప్రతి రోజుకూ 12.50 పౌండ్లు. కొత్తగా తెచ్చిన 'నమ్మకమైన' కారే రోజూ జేబు కోస్తుంది. మొదటి తరం ఎంఎక్స్‌-5లలో అన్నిటికన్నా పాతవి కూడా 2029కి గానీ 40 ఏళ్లు దాటవు. చేతిలో డబ్బు పెట్టకముందే ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సైటులో ఆ కారు నంబరు కొట్టి చూడండి. రోజూ లోపల తిరిగేవాళ్లకు 2005లో మొదలైన మూడో తరం మేలు. దాని ఇంజనులో వాల్వుల్ని నడిపే టైమింగ్ బెల్టు బదులు చైన్ ఉంటుంది, కాళ్లకు చోటూ ఎక్కువ. ఆరడుగులు దాటినవాళ్లు ఎంజీబీలో హాయిగా కూర్చుని ఉండొచ్చు, మొదటి తరం ఎంఎక్స్‌-5లో మాత్రం ఒకసారి కూర్చుని చూడనిదే బేరానికి దిగొద్దు.

కొనేటప్పుడు

ఇంట్లోంచే మొదలుపెట్టండి. ప్రభుత్వ సైటులో నంబరు కొడితే ఎంఓటీ చరిత్ర ఉచితంగా వస్తుంది. అడ్వైజరీల్లో (పరీక్షకుడు రాసే హెచ్చరికలు) 'కరోజన్' (తుప్పు) అన్న మాట ఏ ఏడు మొదలైందో, తర్వాత మాయమైందో, మాయమైతే వెల్డింగ్ బిల్లుందో చూడండి. బిల్లు లేకుండా మాయమైందంటే పూత కిందికి వెళ్లిందనే అనుకోవాలి.

కారు దగ్గర మొదట వెనక చక్రాల ముందు, సిల్ చివర వేలితో గట్టిగా నొక్కండి. బుడగలు, కరకరమనే శబ్దం ఉంటే లోపల డొల్ల. టాపు మీద పడ్డ నీళ్లు సీట్ల వెనక రెండు మూలల్లోని డ్రైన్ల గుండా కిందికి పోవాలి. ఆకులు, మట్టి అడ్డుపడితే ఆ నీళ్లు సిల్‌లోకి, కార్పెట్‌లోకి దిగుతాయి. సీట్ల వెనక కార్పెట్ కింద చెయ్యి పెట్టి తడి చూడండి. రెండో తరంలో (1998–2005) ఇంకో చోటుంది: ముందు షాసీ లెగ్స్ (ఇంజనుకు ఇరువైపులా ఉండే బాడీ దూలాలు). రెండు పొరల రేకు లోపలినుంచి కుళ్లుతుంది, పైగా అడుగున ప్లాస్టిక్ ట్రే దాన్ని కప్పేస్తుంది. ట్రే విప్పి చూడనివ్వకపోతే ఆ కారు వదిలేయండి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయమనండి. వాల్వుల్ని తోసే లిఫ్టర్ల టకటక కొద్ది నిమిషాల్లో ఆగితే భయం లేదు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు బిగువుగా పడటం మామూలే, వేడెక్కాక కూడా గరగరలాడితే గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో పోయింది. 1991 మధ్య దాకా వచ్చిన 1.6 ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు ముందు కొన, అంటే ముక్కు, పొట్టిది. పుల్లీ ఊగి దాన్ని పట్టి ఉంచే కీ (చిన్న ఇనుప ముక్క) అరిగిపోతుంది. పుల్లీకి నాలుగు గాట్లుంటే పొట్టి ముక్కు, ఎనిమిది ఉంటే తర్వాతి పొడుగు ముక్కు.

ఇంజను వెనక ఆయిల్ కారుతుంటే క్రాంక్ సీల్ పోయిందని బేరం తగ్గించమంటారు కొందరు. మొదటి తరంలో చాలాసార్లు దోషి హెడ్ వెనక ఉన్న క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్ అనే రబ్బరు చుట్ట, కారేది పైనుంచే.

తెచ్చాక మొదటి వారం

మొదటి రెండు తరాల్లో టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు లేకపోతే మార్చనట్టే లెక్క. 60,000 మైళ్లకు మార్చేది అదొక్కటే కాదు. టెన్షనర్, ఐడ్లర్, వాటర్ పంపు, క్యామ్, క్రాంక్ సీళ్లు ఒకేసారి వేయించండి. మొదటి తరంలో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కాకపోతే రోడ్డు పక్కన నిలబడాలి. గేరుబాక్సులో జీఎల్-4 75డబ్ల్యూ-90 ఆయిల్ రెండు లీటర్లు. క్లచ్ ఫ్లూయిడ్ నల్లబడితే స్లేవ్ సిలిండర్ కూడా మార్చేయండి, అది చవకే.

హ్యాండ్‌బ్రేకు పట్టకపోతే కేబుల్ బిగించకండి. మొదటి రెండు తరాల్లో వెనక క్యాలిపర్ వెనకున్న 14 మి.మీ. బోల్టు తీస్తే లోపల 4 మి.మీ. ఆలెన్ కీ పట్టే స్క్రూ ఉంటుంది. చక్రం బిగుసుకునేదాకా తిప్పి, అక్కడినుంచి ఒక చుట్టులో మూడో వంతు వెనక్కి తిప్పండి. కేబుల్ పని ఆ తర్వాతే.

సిల్స్ పూర్తిగా ఆరాకే లోపల తుప్పు ఆపే మైనం కొట్టించాలి, తడి మీద కొడితే తుప్పుకు దుప్పటి కప్పినట్టే. డ్రైన్లలో ఇనుప తీగ దూర్చితే గొట్టం చిల్లుపడుతుంది, గడ్డి కోసే మిషన్ నైలాన్ తాడు చాలు. ఆకులు రాలే అక్టోబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి ఒక్కో మూలలో అర లీటరు నీళ్లు పోసి, వెనక చక్రాల ముందు నేల మీద పడుతున్నాయో లేదో వంగి చూడండి.