పరుపు మార్చాలా, వద్దా? డబ్బు పెట్టే ముందు ఇలా తేల్చుకోండి

రాత్రంతా అటూ ఇటూ దొర్లి, పొద్దున్నే నడుం పట్టేసి లేస్తే ముందు తిట్టేది పరుపునే. వేలకు వేలు పెట్టి కొత్తది తెచ్చే ముందు తప్పు నిజంగా దానిదేనా అని చూసుకోండి. ఇంట్లోనే తేలిపోతుంది.

మొదట ఇబ్బంది ఏమిటో విడదీయండి. లేవగానే నడుమో మెడో పట్టేసి, కాస్త తిరిగాక అరగంటలో సర్దుకుంటోందా? చుట్టాలింట్లో పడుకున్న రోజు హాయిగా ఉంటోందా? అయితే పరుపును అనుమానించాల్సిందే. ఎక్కడ పడుకున్నా అర్ధరాత్రి దాటేదాకా కళ్ళు మూతపడకపోతే మాత్రం కొత్త పరుపు మీద కూడా దొర్లుతూనే ఉంటారు.

ఈ రెండో రకం వాళ్ళు షాపు సంగతి పక్కనపెట్టి సాయంత్రం చాయ్‌తో మొదలుపెట్టండి. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. అంటే ఆరింటికి తాగిన ఇరానీ చాయ్ పదకొండింటికి కూడా సగం పని చేస్తూనే ఉంటుంది. రాత్రి ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేవండి, ఆదివారం కూడా. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో ఏదైనా చదువుకుని, కళ్ళు బరువెక్కాకే మళ్ళీ పడుకోండి. ఫోన్ పట్టుకుంటే ఈ తిప్పలన్నీ దండగ. గచ్చిబౌలి, మాదాపూర్‌లలో నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకి పరుపు కన్నా మందపాటి కర్టెన్ ముఖ్యం. టాప్ ఫ్లోర్ వాళ్ళ బాధ వేరు. మే నెలలో స్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రి గదిలోకి వదులుతుంది. డాబాకి తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయిస్తే కొంత తగ్గుతుంది.

వారంలో 3 రాత్రులైనా నిద్ర పట్టక, అది 3 నెలలుగా సాగుతుంటే డాక్టర్‌ని కలవండి. దానికి ముందుగా ఇవ్వాల్సింది మాత్రలు కాదు, సీబీటీ-ఐ అనే చికిత్స, అంటే నిద్ర పాడుచేసే అలవాట్లనీ ఆలోచనలనీ మార్చే పద్ధతి. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టుంటే అన్నాళ్ళు కూడా ఆగకండి.

పరుపు మీదే అనుమానం ఉంటే కొలవండి. దుప్పటి తీసేసి, మీరు రోజూ పడుకునే చోటు మీదుగా ఈ అంచు నుంచి ఆ అంచుకి ఇద్దరు దారం బిగించి పట్టుకోండి. దారానికీ గుంతకీ మధ్య స్కేలు నిలబెట్టండి, నొక్కకుండా. ఒకటిన్నర అంగుళం దాటితే దాని పని అయిపోయినట్టే. కానీ ఆగండి, మంచాన్నీ చూడాలి. కింద ప్లైవుడ్ కుంగినా, చెక్క పట్టీ విరిగినా పైన గుంత పడుతుంది. పరుపును రెండు రాత్రులు నేల మీద వేసుకుని పడుకోండి. గుంత పోతే కార్పెంటర్‌ని పిలిస్తే చాలు.

ఇక వయసు. మామూలు ఫోమ్, కొబ్బరిపీచు పరుపులు 5 నుంచి 7 ఏళ్ళు, స్ప్రింగువి 7, 8 ఏళ్ళు, మెమరీ ఫోమ్ 8 నుంచి 10, మంచి లేటెక్స్ అయితే పదేళ్ళు దాటి కూడా వస్తాయి. ఇవి అంచనాలే. వారంటీ కార్డు మీద పదేళ్ళు అని ఉంటే అన్నాళ్ళూ సుఖంగా ఉంటుందని కాదు. అది తయారీ లోపాలకు మాత్రమే. గుంత ఇంత లోతుంటేనే ఒప్పుకుంటామని, మరకలుంటే చెల్లదని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. బూరుగు దూది పరుపుకి ఈ లెక్కలేవీ పట్టవు. గడ్డలు కడితే విప్పి, ఏకించి, కొత్త గలీబులో కుట్టిస్తే మళ్ళీ నిలబడుతుంది. నన్నడిగితే దూది ఉన్నవాళ్ళు పారేయడం తొందరపాటే. దాన్ని ఎండలో వేయొచ్చు. ఫోమ్, లేటెక్స్ మాత్రం ఎండకి పాడైపోతాయి.

కొనాల్సే వస్తే మరీ గట్టిదాని జోలికి పోకండి. నడుం నొప్పికి గట్టి పరుపే మందు అని మన పెద్దలు చెబుతారు గానీ, స్పెయిన్‌లో 313 మంది మీద చేసి 2003లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేసిన పరిశోధనలో మధ్యస్థంగా గట్టిగా ఉన్నవే మెరుగని తేలింది. షాపులో చెప్పులు విప్పి, మీరు రోజూ ఎటు తిరిగి పడుకుంటారో అలాగే పావుగంట పడుకోండి. సేల్స్‌మన్ చూస్తున్నాడని మొహమాటపడొద్దు. ఇంటికొచ్చాక పాతదాన్ని మెత్తగా ఉంటుందని కొత్తదాని కింద వేయకండి, పాత గుంతే పైకొస్తుంది.