వెంట ఉంచుకునే పిస్టల్‌ను నమ్మవచ్చో లేదో తేల్చుకోవడం ఎలా?

పిస్టల్ కొనేవారు ముందుగా ఏ కంపెనీది మంచిదని అడుగుతారు. అమెరికాలో దుస్తుల చాటున వెంట తీసుకెళ్లే 9 ఎంఎం పిస్టళ్ల వరకు ఈ ప్రశ్నకు జవాబు కష్టం కాదు. గ్లాక్ 19, స్మిత్ అండ్ వెసన్ షీల్డ్, సిగ్ పి365 వంటివి ఏళ్ల తరబడి ఎందరి చేతుల్లోనో నడిచి పేరు తెచ్చుకున్నాయి. అయితే పేరున్న మోడల్‌లోనూ లోపమున్న పిస్టల్ ఒకటి మీ వంతుకు రావచ్చు కనుక, మీ పిస్టల్, దాని మ్యాగజైన్లు, అందులో మీరు నింపే తూటాలు, దాన్ని పట్టుకునే మీ చెయ్యి, ఈ నాలుగూ కలిసి ఆగకుండా పనిచేస్తున్నాయా అన్నది మీరే పరీక్షించుకోవాలి.

అంతకన్నా ముందు చట్టం సంగతి. ఎచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం, కొన్ని మినహాయింపులు తప్ప, నిషేధిస్తుంది. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఆ నిషేధం వర్తించదు. వెంట తీసుకెళ్లే నిబంధనలు మాత్రం రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి.

దుకాణంలో పిస్టల్ చేతికి రాగానే మ్యాగజైన్ తీసి, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగం) వెనక్కి లాగి, చాంబర్ (పేలే తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకోవాలి. తర్వాత దుకాణదారుని అనుమతితో, సురక్షితమైన దిశలో గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కి, దాన్ని అలాగే నొక్కిపట్టి ఉంచి స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి వదలాలి. అప్పుడు లోపల ఏమీ పేలినట్టు టక్కుమనకూడదు. ట్రిగ్గర్‌ను మెల్లగా వదులుతుంటే ఒకచోట స్పష్టంగా క్లిక్ వినిపించాలి, మళ్లీ నొక్కితే మొదటిసారిలాగే టక్కుమనాలి. ఈ క్రమం ఒక్కచోట తప్పినా ఆ పిస్టల్‌ను అక్కడే తిరిగి ఇచ్చేయడం మంచిది.

స్లైడ్ కాస్త వదులుగా కదలడాన్ని చాలామంది లోపమనుకుంటారు, కానీ జేబులోని దూదిపోగులు, ధూళి మధ్య పనిచేయవలసిన పిస్టల్‌కు ఆ కొద్దిపాటి సందు అవసరమే. చూడవలసింది బ్యారెల్ (గొట్టం) కూర్చునే తీరు. స్లైడ్ మూసి ఉన్నప్పుడు చాంబర్ పైభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే అది కిందికి కుంగకూడదు. పాత పిస్టల్ అయితే స్లైడ్ తెరిచి, గొట్టం లోపలికి వెలుతురు పడేలా పట్టుకుని చూడాలి. ఎక్కడైనా ఉంగరంలాంటి నీడ కనిపిస్తే ఎప్పుడో లోపల ఒక తూటా ఇరుక్కున్నా దాని వెనుక మరొకటి పేల్చారని, అక్కడ గొట్టం ఉబ్బిందని అనుమానించాలి. పేలిన తూటా ఖాళీ కేసును (తొడుగును) బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం అంచు విరిగి ఉందేమో కూడా చూడాలి. హోల్‌స్టర్ (పిస్టల్ ఒర) రాపిడికి రంగు పోవడం మాత్రం లెక్కలోకి రాదు, పైగా ధర తగ్గించమని అడగడానికి అది పనికొస్తుంది.

కిందపడితే పేలకుండా ఉండడం గురించి ఇంట్లో పరీక్షలు చేయకూడదు. 2017 ఆగస్టులో సిగ్ కంపెనీ తన పి320 మోడల్ కొన్ని కోణాల్లో కిందపడితే పేలవచ్చని బయటపడ్డాక, పాతవాటికి ఉచితంగా భాగాలు మార్చే కార్యక్రమం ప్రకటించింది. ఇలాంటి ప్రకటనేదైనా ఉందేమో తెలుసుకోవడానికి కొనేముందే సీరియల్ నంబరుతో తయారీదారును సంప్రదించాలి.

అసలు పరీక్ష షూటింగ్ రేంజ్‌లోనే. 200 రౌండ్లు ఆగకుండా పేలితే చాలన్న మాట తరచుగా వినిపిస్తుంది, కానీ లెక్క వేస్తే అది అంత ధీమా ఇవ్వదు. ఒక్క ఆటంకమూ లేకుండా ఎన్ని రౌండ్లు నడిచాయో ఆ సంఖ్యతో 3ని భాగిస్తే, అసలు ఆటంకాల రేటు అంతకంటే తక్కువని సుమారు 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. 200 రౌండ్లకు అది ఒకటిన్నర శాతం, అంటే 67 రౌండ్లకు ఒకసారి ఆగే పిస్టల్ కూడా అదృష్టం బాగుంటే ఈ పరీక్ష దాటిపోగలదు. 500 రౌండ్లకు అది 0.6 శాతానికి దిగుతుంది. నా అభిప్రాయంలో మామూలు తూటాలతో 500, రోజూ నింపి ఉంచే హాలో పాయింట్ తూటాలతో కనీసం 200 పేల్చాలి. నోరు తెరుచుకుని ఉండే హాలో పాయింట్లు చాంబర్‌లోకి ఎక్కే వాలు మీద తట్టుకునే అవకాశం ఎక్కువ కనుక వాటి ధర చూసి వెనుకాడకూడదు. భారతదేశంలో లైసెన్సు ఉన్నవారికి ఇంత పరీక్ష కుదరదు. అక్కడ 9 ఎంఎం నిషేధిత బోరు (మామూలు పౌరులకు అనుమతి లేని గొట్టం సైజు), తూటాలు కూడా లైసెన్సులో అనుమతించినన్నే దొరుకుతాయి.

మ్యాగజైన్ల అడుగున మార్కర్‌తో 1, 2, 3 అని రాసుకుని, ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఏ తూటా, ఎన్నోది అన్నది పుస్తకంలో నమోదు చేయాలి. ఆటంకాలన్నీ 2వ నంబరులోనే వస్తే పిస్టల్‌కు దోషం లేదు, ఆ మ్యాగజైన్‌ను పక్కన పెడితే సరిపోతుంది. ఖాళీ కేసు స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటుంటే మణికట్టు సడలుతోందేమో చూడాలి. అనుభవమున్న మరొకరి చేతిలో అదే పిస్టల్ సాఫీగా నడిస్తే కారణం పట్టులోనే ఉంది. ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే భాగం) మీద గుంట లోతు లేకుండా పడితే, దాన్ని కొట్టే సూది అయిన స్ట్రైకర్ దారిలో జిడ్డు పేరుకుందో, స్ప్రింగ్ బలహీనపడిందో పరిశీలించాలి. ఒక్క చేత్తోనూ, ఎడమ చేత్తోనూ కొన్ని మ్యాగజైన్లు ఖాళీ చేసి చూడాలి. పేలిన శబ్దం మామూలుకంటే మెత్తగా వస్తే వెంటనే ఆపి, గొట్టం ఖాళీగా ఉందని తేల్చుకునేవరకు ఇంకొకటి పేల్చకూడదు.

కొత్త పిస్టల్ అలవాటుపడడానికి మొదటి 200 రౌండ్లు పడుతుందని కొన్ని కంపెనీల మాన్యువళ్లే చెబుతాయి. ఆ వెసులుబాటును ఒప్పుకోవచ్చు, కానీ లెక్క ఆ తర్వాతే సున్నా నుంచి మొదలవ్వాలి. స్ప్రింగ్ మార్చినా, తూటాల రకం మార్చినా కొంత పరీక్ష మళ్లీ చేయాలి.

పరీక్షలో నెగ్గిన పిస్టల్‌కూ ఒక చిక్కు మిగులుతుంది. రోజూ రాత్రి తూటా తీసి, ఉదయం అదే తూటాను మళ్లీ చాంబర్‌లోకి ఎక్కిస్తుంటే దెబ్బదెబ్బకూ బుల్లెట్ కేసులోకి కాస్త కుంగుతుంది, పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. అందుకే అప్పుడప్పుడూ దాన్ని పెట్టెలోని కొత్త తూటా పక్కన నిలబెట్టి ఎత్తు పోల్చాలి. పొట్టిగా కనిపిస్తే దాన్ని పేల్చకుండా రేంజ్‌లో పనికిరాని తూటాలు వేసే డబ్బాలో వేయాలి.