పెద్దాపరేషన్ అయ్యాక మంచం ఎలా దిగాలి, నీళ్లెన్ని తాగాలి, ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి

మా రాజాం వైపు సిజేరియన్‌ని ఇప్పటికీ పెద్దాపరేషన్ అనే అంటారు. పేరులో పెద్ద ఉంది గానీ ఇంటికొచ్చాక దాన్ని పెద్దగా ఎవరూ చూడరు. అదే హెర్నియాకి కోసుంటే నెల్రోజులు చెంబు కూడా ఎత్తనివ్వరు, ఇక్కడ మాత్రం నాలుగో రోజు నుంచే పిల్లనెత్తుకో, పాలియ్యి, చూడ్డానికొచ్చినోళ్లతో మాటాడు. చర్మం, దాని కింద కొవ్వు, గట్టి పొర, ఆఖర్న గర్భసంచి, ఇన్ని కోసి మళ్లీ కుట్టిన ఒళ్లు అది. నాకు రెండు కాన్పులూ ఇలాగే అయ్యాయి, మొదటిసారి పడ్డ పాట్లు రెండోసారి పడలేదు, ఎందుకంటే తొమ్మిదో నెల్లోనే ఇంట్లో ఏర్పాట్లన్నీ చేసీసుకున్నాను. డేటు దగ్గరపడ్డోళ్లు, నార్మల్ అవుద్దని డాక్టరమ్మ చెప్పినా సరే ఇది చదవండి, ఆఖరి గంటలో థియేటర్‌కి తీసుకెళ్లినోళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు.

ముందు మంచం సంగతి చూసుకోండి. మొదటి కాన్పుకి అమ్మావాళ్లింట్లో నాకు నులకమంచం వేశారు, గాలాడుద్దని. పడుకుంటే మధ్యలో ఉయ్యాల్లా జారిపోయింది, రాత్రి రెండింటికి బాత్రూంకి లెగుద్దామంటే లెగలేను, అమ్మ రెండు చేతులూ పట్టి ముందుకి లాగింది, ఆ లాగుడుకి కుట్ల దగ్గర నిప్పు పెట్టినట్టయింది. నేనేడుస్తుంటే అమ్మ కూడా ఏడ్చింది. అసలు వెల్లకిలా ఉన్నోళ్లని చేతులు పట్టి లాగకూడదట, మర్నాడు మా ఊరి ఆశా కార్యకర్త, మేం ఆశమ్మ అంటాం, ఆవిడ చెప్పింది. మోకాళ్లు మడిచి, భుజం నడుం కలిపి ఒకేసారి పక్కకి తిరగాలి, కాళ్లు మంచం దించి, చేత్తో పరుపుని నొక్కుతూ పైకి లేవాలి, అప్పుడు కడుపు మీద భారం పడదు. దీనికి మంచం గట్టిగా ఉండాలి, కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి. కింద చాపేసుకుని పడుకోవడం అస్సలొద్దు. మన ఊళ్లలో బాత్రూం చాలావరకు పెరట్లో ఉంటుంది, గొంతుక్కూర్చునే రకం, అది మొదటి పది పదిహేను రోజులు నరకం. మెడికల్ సామాన్లమ్మే షాపుల్లో మధ్యలో కన్నమున్న కుర్చీ దొరుకుద్ది, ముందే కొని పెట్టుకోండి, లేదా అంతకుముందు కాన్పైనోళ్ల దగ్గర అడగండి, మాది ఇప్పటికి మూడిళ్లు తిరిగింది.

ఆస్పత్రిలో మొదటిరోజు నడుముకిచ్చిన మత్తు దిగాక వణుకు, దురద రావడం మామూలే. లేచి కూర్చుంటే విపరీతమైన తలనొప్పి, పడుకుంటే తగ్గిపోతోంది అంటే మాత్రం సిస్టరుకి చెప్పండి, అది ఆ ఇంజక్షన్ వల్ల వచ్చే తలనొప్పి కావచ్చు, దానికి వైద్యం ఉంది. ఏళ్ల తరబడి నడుంనొప్పికి ఆ ఇంజక్షనే కారణం అంటారు గానీ అది కాదు, వంగి వంగి పాలివ్వడం, బరువులు ఎత్తడం అసలు కారణాలు. యూరిన్ పైపు మామూలుగా 12 నుంచి 24 గంటల్లో తీసేస్తారు, తీసిన ఆరు గంటల్లోపు పాస్ అవ్వకపోతే ఊరుకోవద్దు. ఆ పైపు తీయగానే లేపి నడిపిస్తారు, అప్పుడు మన పెద్దోళ్లు అడ్డం పడతారు, కుట్లు ఊడిపోతాయని. ఊడిపోవు. నడవకపోతేనే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం, పైగా కడుపులో గ్యాసు బిగిసి అదో నొప్పి, కొందరికి భుజం దాకా పీకుద్ది. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా నవ్వొచ్చినా కుట్ల మీద దిండు అదిమి పట్టుకోండి, అందుకే బ్యాగులో ఒక చిన్న దిండు పెట్టుకోమంటాను. మా ఆయన జోకులెయ్యకుండా ఉండలేడు, అయిదురోజులు వార్డులో ఆ దిండు నా చేతిలోనే ఉంది.

ముర్రుపాలు మొదటి గంటలోనే పట్టించొచ్చు, ఆపరేషనైతే పాలు రావనేది అపోహ, ఒకటి రెండ్రోజులు ఆలస్యంగా పొంగొచ్చు అంతే. పక్కకి తిరిగి పడుకుని ఇవ్వండి, లేదా బిడ్డని చంక కింద దూర్చినట్టు పట్టుకుని ఇవ్వండి, అప్పుడు బిడ్డ కాళ్లు కుట్లకి తగలవు. తేనె, పంచదార నీళ్లు, ఆముదం చుక్క లాంటివేం బిడ్డ నోట్లో వెయ్యనివ్వకండి, ఈ మాట మీ ఆయన చేత ముందే చెప్పించండి, కోడలు చెప్తే గొడవవుద్ది. నొప్పి మాత్రలు వేసుకుంటే పాలు పాడవుతాయని నోరు కట్టుకోకండి, డాక్టర్లు ఇచ్చే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ పాలిచ్చేవాళ్లకి ఇచ్చేవే. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉంటే మాత్రం ముందే చెప్పాలి.

ఇంక పత్యం. మా మామ్మైతే "ఒలమ్మా, పచ్చి బాలింతరాలివి, అన్ని నీళ్లు తాగితే కుట్లు నీరు పట్టీస్తాయే" అని చెంబు లాక్కునేది. రోజుకి రెండు గ్లాసులు, అదీ కాచి చల్లార్చినవి. మే నెల మన జిల్లా ఉక్కలో, పాలిచ్చే ఒంటికి! నాలుగోరోజుకి మలబద్ధకం, అక్కడ ముక్కితే కుట్ల మీద ఒత్తిడి, ఆ బాధ పగోడికి కూడా వద్దు. నీళ్లు దాహమేసినప్పుడల్లా తాగండి, బిడ్డకి పాలిచ్చే ప్రతిసారీ పక్కన గ్లాసు పెట్టుకోండి, యూరిన్ ముదురు పసుపుగా ఉంటే ఇంకా చాల్లేదనే. పప్పు తింటే చీము పడుద్ది అనేది ఇంకోటి. చీము పడేది సూక్ష్మక్రిముల వల్ల, గాయం మానడానికి కావల్సిన ప్రోటీనే పప్పులో, గుడ్డులో, చేపలో ఉంది. సొరచేపతో చేసే సొరపిట్టు పాలకి మంచిదంటారు మన సముద్రం వైపు, కానీ పెద్ద సొరచేపల్లో పాదరసం ఎక్కువుంటుంది, దాని బదులు నెత్తళ్లు, కానాగంతలు తినండి. మునగాకు, వెల్లుల్లి, బీరకాయ, అవన్నీ హాయిగా తినొచ్చు. సొంఠీ బెల్లం కలిపిన కాయం కొంచెం తింటే తినండి గానీ మాత్రలకి బదులుగా కాదు. ఐరన్ రోజుకొకటి 180 రోజులు, కాల్షియం విడిగా వేరే పూట, రెండూ కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటికి పట్టదు, టీతో మింగినా అంతే.

స్నానం దగ్గర గట్టిగా నిలబడండి. సలసలా కాగిన నీళ్లు దూరం నుంచి కడుపు మీద కొట్టే పద్ధతి కోత ఉన్నోళ్లకి పనికిరాదు. గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బు, తర్వాత శుభ్రమైన బట్టతో అద్ది ఆరనివ్వాలి, రుద్దకూడదు. పసుపు, నూనె, బూడిద ఏవీ కుట్ల మీద పెట్టొద్దు. నడికట్టు కడితే లేచేటప్పుడు కాస్త ఆసరాగానే ఉంటుంది, కానీ కట్టగానే పొట్ట లోపలికి పోదు, ఊపిరాడనట్టు బిగిస్తే ఇంకా చేటు. మూసేసిన గదిలో కుంపటి, సాంబ్రాణి పొగ పసిదానికీ మీకూ మంచిది కాదు.

డిశ్చార్జి రోజు జీపూ ఆటో వెతుక్కోక్కర్లేదు, ప్రభుత్వాస్పత్రిలో కాన్పైతే తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ 102 ఇంటిదాకా దింపుద్ది, సిజేరియన్‌కి ఆస్పత్రిలో ఏడురోజుల దాకా భోజనం కూడా ఉచితమే. ఇంట్లో ఆరు వారాల పాటు బిడ్డ బరువుకి మించిందేదీ ఎత్తొద్దు, కుళాయి బిందె ఎవరు తేవాలో ముందే తేల్చుకోండి. అక్టోబరు నవంబరులో డేటున్నోళ్లకి ఇంకోమాట, 2018 తిత్లీ తుపాను అక్టోబరు 11న పలాస వైపు తాకినప్పుడు కరెంటు, రోడ్లు ఏమయ్యాయో చూశాం కదా, తుపాను వార్నింగ్ వచ్చిందంటే నొప్పులొచ్చేదాకా ఆగకుండా పెద్దాస్పత్రున్న టౌన్‌కి చేరిపోవాలి.

వీటికి మాత్రం రాత్రయినా పగలైనా 108కి ఫోన్ చెయ్యాలి, అత్తగారి పర్మిషన్ కోసం ఆగొద్దు. గంటకో ప్యాడ్ తడిసిపోతూ ఆగకపోవడం, నిమ్మకాయ కంటే పెద్ద గడ్డలు పడ్డం. 100.4 దాటిన జ్వరం, కుట్ల చుట్టూ ఎర్రగా వాచి చీము కారడం, దుర్వాసనతో మైల, అంటే కాన్పయ్యాక పోయే రక్తం. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి, ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు. తల పగిలిపోయే నొప్పితో కళ్లు మసకలు, ఇది బీపీ వల్ల, కాన్పయ్యాక ఆరు వారాల దాకా రావొచ్చు, గర్భంలో బీపీ లేనోళ్లకి కూడా. మామూలు మైల నాలుగు నుంచి ఆరు వారాలు కొంచెం కొంచెం తగ్గుతూ ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు.

మూడోరోజు నాలుగోరోజు కారణం లేకుండా ఏడుపొస్తుంది, చాలామందికి. రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డని చూసినా ఏమీ అనిపించకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది దిష్టి కాదు, 14416 టెలి మానస్‌కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆశమ్మ ఎలాగూ ఏడు, పద్నాలుగు, ఇరవయ్యొకటి, ఇరవయ్యెనిమిది, నలభైరెండో రోజుల్లో ఇంటికి రావాలి, వచ్చినప్పుడు బిడ్డ బరువే కాదు, మీ కుట్లు కూడా చూపించండి. ఆమె కూడా ఆడదే, సిగ్గెందుకు.

మళ్లీ కడుపుకి కనీసం రెండేళ్ల ఎడం పెట్టాలి, ఆ మాటలు నలభైరెండో రోజు చెకప్‌లోనే అడగండి, పాలిచ్చినంత కాలం గర్భం రాదని గుడ్డిగా నమ్మకండి. డిశ్చార్జి కాయితం మాత్రం జాగ్రత్త చేసుకోండి. ఎందుకు కోశారు, గర్భసంచి మీద కోత ఎలా పెట్టారు అన్నది అందులో ఉంటుంది, తర్వాతి కాన్పుకి మొదట అడిగేది అదే. మాది మా అత్తగారు పోకుండా ఉంటుందని బియ్యం డబ్బాలో దాచారు, రెండోసారి చెకప్‌కి వెళ్లేముందు బియ్యమంతా చాట్లో పోసి వెతికాం.